పటం పట్టా కాదు

ఈ మధ్య బెంగుళూరులో మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఒక సంగతి గమనిస్తున్నాను. ఇదివరకు ముందుగదిలో తిరుపతి వెంకన్న పటం, పెద్దవాళ్ళ పెళ్ళిఫోటో, ఏదో బ్యాంకు క్యాలెండరు ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన మరొకటి చేరింది. గోధుమరంగు కాగితం మీద పాత బెంగుళూరు. కోట, పేట, చెరువులు, చుట్టూ పొలాలు. గాజుచట్రంలో బిగించి, పైన చిన్న దీపం కూడా అమర్చుకున్నవాళ్ళున్నారు. దేవుడి పటమూ పటమే, ఊరి పటమూ పటమే. మన భాషలో రెండింటికీ ఒకే మాట ఉండడం వల్లనో ఏమో, రెండింటినీ ఒకే తీరుగా చూస్తున్నాం. దణ్ణం పెడుతున్నాం గానీ చదవడం లేదు.

పటం మీద విమర్శ ఏమిటి, అదేమన్నా కావ్యమా, కథల సంపుటమా అని ఈ పత్రిక పాఠకులు అడగవచ్చు. నా సమాధానం ఇది: అచ్చువేసి, వెలకట్టి, నలుగురి ఇళ్ళకు చేర్చినది ఏదైనా పుస్తకం కిందే లెక్క. దానికి రాసినవాడుంటాడు, రాయించినవాడుంటాడు, చెప్పినదీ దాచినదీ ఉంటాయి. అందులోనూ ఈ నకళ్ళను జనం కొంటున్నది అందం కోసం మాత్రమే కాదు. 'మా తాతలు ఎక్కడ ఉండేవాళ్ళు?' అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుందన్న ఆశతో. అంత పెద్ద ఆశ పెట్టుకున్న కాగితాన్ని పరీక్ష చేయకుండా వదలడం మంచిది కాదు.

ఇక్కడ దొరికే నకళ్ళు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది యుద్ధపటం. 1791 మార్చి 7న కార్న్‌వాలిస్ సైన్యం హలసూరు దర్వాజా వైపు నుంచి పేటలోకి చొరబడింది. మార్చి 21 రాత్రి కోటను పట్టుకుంది. ఆ ముట్టడిని చూపిస్తూ గీసిన పటం నకలే మన ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తున్నది. దక్షిణాన గుడ్డు ఆకారంలో కోట, దానికి ఉత్తరాన కందకమూ ముళ్ళకంచె చుట్టిన పేట. దీన్ని గీసినవాడికి కావలసింది ఫిరంగులు ఎక్కడ నిలపాలి, గోడ ఎక్కడ పగలగొట్టాలి అన్నది. పేటలో వీధులు గీశాడంటే వాటిలో సిపాయిలు నడవాలి గనక. ఆ వీధుల్లో ఎవరు మగ్గం నేసేవాళ్ళు, ఎవరు గానుగ ఆడించేవాళ్ళు అన్నది అతనికి అక్కర లేదు.

రెండవది దండు పటం. 1809 ప్రాంతంలో పేటకు తూర్పున కంటోన్మెంటు వెలిసింది. దానితోపాటు మద్రాసు రాజధాని నుంచి సిపాయిలు, సరుకులు అందించే వర్తకులు, వంటవాళ్ళు, కట్టడం పనివాళ్ళు వచ్చారు. వాళ్ళలో అరవవాళ్ళున్నారు, మనవాళ్ళూ ఉన్నారు. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయర్లకు తిరిగి ఇచ్చినా దండు ప్రాంతం మాత్రం సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్ పేరుతో బ్రిటిష్ రెసిడెంటు చేతిలోనే ఉండిపోయింది. 1947లో గానీ మైసూరుకు రాలేదు. 1949లో రెండు మునిసిపాలిటీలు కలిసి ఒకే కార్పొరేషన్ అయ్యాయి. కాబట్టి చాలా కాలం ఇవి రెండు ఊళ్ళు. లెక్కలు వేరు, దస్త్రాలు వేరు. దండులో ఉన్న మేనమామ గురించి పేట కాగితాల్లో వెతికితే దొరకడు. నేను చూసిన దండు పటం నకళ్ళలో సాహెబుల బంగళాలకు ఒక్కొక్కదానికీ ప్రహరీ గీత, తోట, గేటు ఉన్నాయి. ఇప్పుడు మనం శివాజీనగరమని పిలిచే బ్లాక్‌పల్లిలో జనం కిక్కిరిసి ఉండేవాళ్ళు. వాళ్ళకు మాత్రం అంతటికీ కలిపి ఒకే మసక. ఒక దొర గుర్రాలశాలకు దక్కిన గీత వందమంది కాపురాలకు దక్కలేదు.

మూడవది ప్రయాణికుల పటం. మర్రే కంపెనీ వారి యాత్రాదర్శిని లాంటి పుస్తకాల్లో మడిచిపెట్టినది. రైలు దిగిన దొరకు హోటలు ఎక్కడ, తోట ఎక్కడ, క్లబ్బు ఎక్కడ అన్నది చెప్పడం దాని పని. పేట అందులో ఎడమవైపు ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. చూడదగ్గది, కానీ బస చేయదగ్గది కాదన్నట్టు.

మూడింటిలోనూ మన తాతలు లేరు. అయినా మూడూ మన తాతల ఊరివే. ఈ చిక్కును ఒప్పుకున్న తర్వాతే పటం చదవడం మొదలవుతుంది.

ఇక నకళ్ళ సంగతి. మూలపటం గీసినవాడి తప్పులకు ఇప్పుడు మనం చేయగలిగింది లేదు. నకలు తీసినవాడి తప్పులను మాత్రం ఎత్తి చూపవచ్చు. మా ఇంట్లో వేలాడే నకలు ఒక బహుమతుల దుకాణంలో కొన్నది. అందంగా ఉంది. అందం కోసం దాని అంచులు కత్తిరించారు. పటానికి అంచే ప్రాణం. ఎవరు కొలిచారు, ఏ సంవత్సరం, ఏ గుర్తుకు ఏమి అర్థం అన్నవి అక్కడే ఉంటాయి. అంచు కోసిన పటం సంతకం చింపేసిన దస్తావేజు లాంటిది.

రెండవ తప్పు కొలతది. పటం మీద 'అంగుళానికి ఇన్ని గజాలు' అని అక్షరాల్లో రాసి ఉంటే, దాన్ని పెంచినా తగ్గించినా ఆ మాట అబద్ధమైపోతుంది. పటం అడుగున గీసిన స్కేలు గీత అయితే పటంతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి నకలు కొనేవాళ్ళు స్కేలు గీత ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే ఆ పటంతో దూరం కొలవకూడదు.

మూడవది కాలం. కొలిచిన సంవత్సరం వేరు, అచ్చయిన సంవత్సరం వేరు. ఒకసారి చెక్కిన పలకను ఏళ్ళ తరబడి వాడుకోవడం ప్రచురణకర్తలకు అలవాటే. పుస్తకం మీద ఉన్న సంవత్సరం చూసి 'ఆ ఏడాది ఇక్కడ చెరువు నిండా నీళ్ళున్నాయి' అని రాసేస్తే నవ్వులపాలవుతాం. నాలుగవది రంగు. కొత్త కాగితానికి టీ డికాషను పూసినట్టు పాతదనం అద్దుతున్నారు. మూలంలో నీలం దేనికి, ఎరుపు దేనికి వాడారో ఆ గోధుమరంగు కింద పడి కనిపించకుండా పోతున్నది.

ఇన్ని తప్పులు పట్టినవాడు మరి ఆ పటం ఇంట్లో ఎందుకు పెట్టుకున్నాడు అని అడుగుతారేమో. ఆ కథ చెప్పాలి. నా ఈ రాతకు అసలు కారణం అదే.

మాది మగ్గం పని చేసిన కుటుంబం. హిందూపురం వైపు నుంచి వచ్చి కబ్బన్‌పేటలో కుదురుకున్నామని చెప్పుకుంటాం. ఎప్పుడు వచ్చామో రాసినది లేదు. మా దగ్గర ఉన్న పాత కాగితం ఒక్కటే, ముత్తాత పేరున కట్టిన కందాయం రశీదు. రెండేళ్ళ క్రితం మా కులబంధువుల సత్రానికి ఉత్సవం జరుపుతూ ఒక సంచిక వేయాలనుకున్నారు. ఎనభై దాటిన మా పెద్దనాయన ఆ సంఘంలో పెద్ద. ఆయన 1791 పటం నకలు ఒకటి కొనుక్కొచ్చి, పేటలో ఈశాన్యంగా ఉన్న ఒక సన్నగీత మీద వేలుపెట్టి, "ఇదిగోరా, ఇదే మన వీధి. టిప్పు కాలం నాటికే మనం ఇక్కడున్నాం. ఇది పెట్టి రాయి" అన్నాడు. వ్యాసానికి పేరు కూడా ఆయనే పెట్టాడు, '1791 నుంచీ మనం' అని.

నేను భూతద్దం తీసుకుని కూర్చున్నాను. గీత ఉన్న మాట నిజం. పేరు లేదు. ఉండడానికి వీలూ లేదు. కబ్బన్‌పేట అన్న పేరు మైసూరుకు 1834 నుంచి 1861 దాకా కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్‌ది. అంతకుముందు ఆ చోటును ఏమని పిలిచేవారో ఆ పటం చెప్పదు. ఆ గీత మన వీధే అనుకుందాం. గీత వీధి అవుతుంది గానీ ఇల్లు కాదు. ఇల్లే అనుకుందాం. ఆ ఇంట్లో ఉన్నది మనవాళ్ళే అన్నది ఎలా తేలుతుంది? మనవాళ్ళే అనుకుందాం. వాళ్ళు పొయ్యి దగ్గర ఏ భాషలో మాట్లాడుకున్నారో ఏ సర్వేయరు రాసిపెట్టాడు?

ఈ మాటలే ఇంత మెత్తగా కాకుండా పెద్దనాయనతో అన్నాను. ఆయన పటం చుట్టి చంకలో పెట్టుకుని, "నువ్వు చదివిన చదువు మన ఇల్లు కూల్చడానికి పనికొచ్చింది" అని లేచిపోయాడు. ఆ సంచికలో నా వ్యాసం రాలేదు. చాలా నెలలు మా ఇంటికి ఆయన రాలేదు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన ఎందుకు అంత పట్టుబట్టాడో నాకు తెలుసు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, కన్నడంలో బడి చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ప్రతివాడికీ ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'మీది ఏ ఊరు?' బెంగుళూరే అంటే, 'అది కాదు, అసలు ఊరు?' అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకు జవాబుగా ఆయనకు ఒక కాగితం కావాలి. భాషలో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు చరిత్ర సరదా కాదు. కొన్నిసార్లు అది రేషన్ కార్డు లాంటిది.

అదే ఆవేశంతో మన సభల్లో ప్రతి ఉపన్యాసమూ ఒకేచోట మొదలవుతుంది. కెంపేగౌడ పేరున గంగాగౌరీ విలాసమనే తెలుగు యక్షగానం ఉందని. అది గర్వించదగ్గ సంగతే. కానీ దొర తెలుగులో యక్షగానం చెప్పించుకున్నంత మాత్రాన ఆయన పేటలో నేతగాడి భాష మనకు తెలిసిపోదు. అలాగే పేటల పేర్లు చూపించి వాదించేవాళ్ళున్నారు. బళేపేట అంటే గాజులపేట, గాజులు అమ్మింది మనవాళ్ళు, కాబట్టి పేట మనది అని ఒకాయన సభలో తేల్చేశాడు. బళె కన్నడ మాట. గొల్లరపేట, ఉప్పారపేట అని ఉన్నాయి. గొల్ల, ఉప్పర అన్న మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. పేట పేరు ఆ చోట జరిగిన పనిని చెబుతుంది. అక్కిపేట బియ్యాన్ని, అరళెపేట దూదిని, కుంబారపేట కుండలను, గాణిగరపేట నూనెను. పనికి కులం ఉండవచ్చు, కులానికి రెండు మూడు భాషలు ఉండవచ్చు. ఈ నేల మీద జరిగింది అదే. దేవాంగుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు, కన్నడం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. పటం మీద గీత గీసి వాళ్ళను విడదీయలేం.

ఈ మాట గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ఎవరు ముందు వచ్చారన్న లెక్క ఎటు పోతుందో ఈ ఊరు చూసింది. 1991 డిసెంబరులో కావేరి గొడవల్లో తరతరాలుగా ఇక్కడున్న అరవవాళ్ళు ఇళ్ళు వదిలి పారిపోవలసి వచ్చింది. వాళ్ళు దండుతోపాటే వచ్చి వందేళ్ళకు పైగా ఇక్కడ ఉన్నవాళ్ళని ఏ పటం తీసి చూపిస్తే ఆ రాత్రి ఆగేది? పటాన్ని పట్టాగా వాడడం మొదలుపెడితే రేపు ఇంకొకడు అంతకన్నా పాత పటం తెస్తాడు. అందులోనూ మనం ఉండం.

ఇక్కడితో ఆపితే నా వ్యాసం పెద్దనాయన అన్నట్టు ఇల్లు కూల్చే చదువే అవుతుంది. కథలో రెండో సగం ఉంది.

మా అవ్వ ఒక మాట చెబుతుండేది. ఆమెకు ఆమె అత్తగారు చెప్పిన మాట అది. నూలు తడపడానికి సంపంగి కెరెకు పోయేవాళ్ళట. చీకటితో గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరి, పొద్దు పొడిచేసరికి తిరిగి వచ్చి, వీధి పొడుగునా పడుగు సాచి గంజిపెట్టేవాళ్ళట. పిల్లలం మేము నవ్వేవాళ్ళం. మాకు తెలిసిన సంపంగిలో కెరె ఎక్కడిది? అక్కడ ఉన్నది కంఠీరవ స్టేడియం. "స్టేడియంలో నూలు తడిపారా అవ్వా?" అని ఆటపట్టించేవాళ్ళం. ఆమె ఇంకేమీ అనకుండా తమలపాకు నమిలేది.

పెద్దనాయన అలిగి వెళ్ళిపోయిన తర్వాత, పేటనూ దండునూ కలిపి చూపే పందొమ్మిదో శతాబ్దపు పటం నకలు ఒకటి సంపాదించాను. అంచులతో, స్కేలు గీతతో. పేటకు తూర్పున, దండుకు వెళ్ళే దారి పక్కన, సంపంగి చెరువు పెద్దగా కనిపించింది. స్కేలు గీత మీద దారం పెట్టి, ఆ దారాన్నే కబ్బన్‌పేట నుంచి చెరువు దాకా సాచి కొలిచాను. గంప నెత్తిన పెట్టుకుని నడవలేనంత దూరం కాదు. పొద్దు పొడిచేసరికి తిరిగి రాలేనంత దూరమూ కాదు. 1896లో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాక పేట పక్కనున్న చెరువుల అవసరం తగ్గింది. తర్వాత ఒక్కొక్కటీ ఎండి, పూడి, మైదానాలయ్యాయి. ధర్మాంబుధి మెజెస్టిక్ బస్‌స్టాండు అయింది. సంపంగి స్టేడియమయింది. స్టేడియం దగ్గర ఒక మూల చిన్న కొలనుగా మిగిలిన నీటి దగ్గర ఇప్పటికీ కరగ ఉత్సవపు పూజలు జరుగుతాయి. చైత్రపౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే ఆ కరగ పేట వీధుల్లో, తవక్కల్ మస్తాన్ దర్గా దాకా తిరిగే దారి కూడా ఒక పటమే. కాగితం మీద కాక కాళ్ళతో గీసినది. స్మృతి శ్రీనివాస్ 2001లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో ఈ ఉత్సవాన్ని నగరపు జ్ఞాపకాలతో కలిపి చదివి చూపించారు.

ఆలోచించండి. గొప్ప కోసం చెప్పిన మాట పటం ముందు నిలవలేదు. పని గురించి చెప్పిన మాట నిలిచింది. పెద్దనాయన వంశం పాతదని చెప్పాడు, పటం నోరు మెదపలేదు. అవ్వ నూలు గంప గురించి చెప్పింది, పటం సాక్ష్యం పలికింది. పాత పటాలతో కుటుంబచరిత్ర రాయాలనుకునేవాళ్ళకు నేను చెప్పగల సూత్రం ఇదొక్కటే. మీ పెద్దవాళ్ళు ఎవరి వారసులో పటాన్ని అడగకండి. వాళ్ళు నీళ్ళకు ఎటు పోయారు, సంతకు ఏ దర్వాజాలోంచి వచ్చారు, వానాకాలం ఏ కాలువ దాటలేక ఆగిపోయారు అన్నవి అడగండి. అది తెలిసినంతవరకూ చెబుతుంది. అయితే అడగడానికి ముందు అవ్వ మాట మన దగ్గర ఉండాలి. ఆ మాట లేకపోతే సంపంగి చెరువు నాకు నీలిరంగు మరకగానే మిగిలేది.

పటమూ మాటా కలిసి ఉండాలన్నది కొత్త సంగతి కాదు. మనవాళ్ళకు బాగా తెలిసిన సంగతే. 1799లో టిప్పు పడిపోయిన తర్వాత మైసూరు సీమను కొలిచే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాళ్ళు ఏలూరు వాళ్ళు, కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. గొలుసుతో నేల కొలుస్తూనే ఊరూరా కరణాలను, పూజారులను, ముసలివాళ్ళను అడిగి కైఫీయతులు రాయించారు. బొర్రయ్య 1803లోనే చిన్నవయసులో పోయాడు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయాడు. ఆయన వెనుక రామస్వామి ఊరుకోలేదు. 1827లో కలకత్తాలో దక్కను ప్రాచీన విభాగాలను చూపే పటాన్ని తన పేరుతో ప్రచురించాడు. రెండేళ్ళకు, 1829లో, దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. పటం వేసిన చేత్తోనే కవుల చరిత్ర రాశాడు. సాహిత్య పత్రికలో పటం గురించి రాయడానికి ఇంతకన్నా అనుమతి ఎవరిని అడగాలి?

మెకంజీ కూడబెట్టినదంతా మన మేలు కోసమని నేననను. గెలిచిన నేలను లెక్కకట్టుకోవడం కంపెనీ అవసరం. కానీ ఆ పద్ధతిలో ఒక నీతి ఉంది. ఎదురుగా పటం, వెనకాల కైఫీయతు. ఇప్పుడు మన గోడల మీద వేలాడుతున్నవి కైఫీయతు ఊడిపోయిన పటాలు.

ఇంగ్లండులో ఈ పనిని మళ్ళీ సరిగా చేసినవాడు అలన్ గాడ్‌ఫ్రీ. 1980ల మొదట్లో మొదలుపెట్టి, అక్కడి సర్వేశాఖ పాత పెద్దస్కేలు పటాలను పేటపేటకూ విడిగా, చవకగా, చేతిలో మడిచి పట్టుకునేంత కాగితాల మీద అచ్చువేశాడు. వెనకవైపు ఆ ప్రాంతం తెలిసినవాళ్ళ చేత చిన్నవ్యాసం రాయించాడు. చాలావాటిలో ఆనాటి డైరెక్టరీల నుంచి వీధివారీగా కాపురస్తుల పేర్లు కూడా చేర్చాడు. అంటే గనిపనివాడి మనవడు మా తాత వీధి ఇది, పక్కింట్లో రొట్టెలవాడు అని వేలుపెట్టి చూపగలడు. అది గోడకు కొట్టుకునే పటం కాదు, జేబులో పెట్టుకుని వీధిలో నడవడానికి పనికొచ్చే పటం.

మనకు అలాంటివి ఎందుకు లేవు? ఒక కారణం ప్రభుత్వానిది. మనదేశంలో పెద్దస్కేలు పటాలను చాలాకాలం దేశరక్షణ రహస్యాలుగా చూశారు. 2005లో కొంత, 2021లో మరింత సడలించారు. రెండో కారణం మనది. ఈ ఊరి చరిత్ర మీద పని జరగడం లేదని కాదు. ఫజ్లుల్ హసన్ 1970లోనే బెంగుళూరు చరిత్ర రాశారు. జానకీ నాయర్ పుస్తకం 2005లో వచ్చింది. ఇన్‌టాక్ బెంగుళూరు శాఖ తరఫున మీరా అయ్యర్ సంపాదకత్వంలో పేటపేటనూ నడిచి చూపే పుస్తకం 2019లో వచ్చింది. మిథిక్ సొసైటీ 1909 నుంచీ ఉంది. అందరూ తమ తమ వైపు నుంచి చేయగలిగింది చేస్తున్నారు. మన ఇళ్ళలో తెలుగులో మిగిలి ఉన్న మాటను మాత్రం మనమే రాయాలి. వేరేవాళ్ళకు అది వినిపించదు.

రాయడమంటే పెద్దపని కాదు. మంచి నకలు ఒకటి, అంచులతో, స్కేలు గీతతో. దాని మీద పలుచని కాగితం పరిచి, మన ఇంటి పెద్దవాళ్ళు చెప్పిన చోట్లు గుర్తుపెట్టడం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్ళు స్వయంగా చూసిందా విన్నదా అన్నది పక్కన రాయడం. పటంతో కుదిరినది ఒక రంగు సిరాతో, కుదరనిది మరొక రంగుతో. కుదరనిదాన్ని చెరిపేయకూడదు. రేపు ఇంకో పటం దొరకవచ్చు. పేర్లు మూడు భాషల్లోనూ రాయాలి. హలసూరు ఇంగ్లీషువాడి చేతిలో అల్సూర్ అయింది. బ్లాక్‌పల్లికి అసలు పేరు ఏమిటన్నది ఇంకా తగవే. కన్నడ పొరుగువాడు చెప్పే పేరు, మన అవ్వ చెప్పిన పేరు, పటం మీది పేరు పక్కపక్కన ఉంటే, ఏది ముందు అన్న తగవు కాస్త వెనక్కి తగ్గుతుంది.

మొన్న సంక్రాంతికి పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, గోడ మీది పటం వంక చూడకుండానే, "మీ అవ్వ చెప్పిన కెరె దొరికిందంట కదా" అన్నాడు. మా చెల్లెలు చెప్పి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు పటం నకలు తీసి బల్ల మీద పరిచాను. స్కేలు గీత, దారం చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత కందాయం రశీదు జేబులోంచి తీశాడు. అది ఆయన దగ్గరే ఉండేది. నేను అడిగినా ఏనాడూ చేతికి ఇవ్వలేదు.

"ఈ మూల ఇల్లు మనది. పక్కన మరాఠీ దర్జీ. ఎదురుగా కన్నడం లింగాయత ముసలామె, ఆమె అరుగు మీదే నాకు అక్షరాభ్యాసం. వీధి చివర బావి. బావి రాసుకో, అది పోయింది" అన్నాడు.

ఎక్కడో 1791లో కాదు, తాను చూసిన కాలంలోంచి చెప్పడం మొదలుపెట్టాడు. పలుచని కాగితం మీద ఆ సాయంత్రానికి పదకొండు ఇళ్ళు నిండాయి. నాలుగు భాషలు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు.

మీ ఇంట్లో కూడా ఒక పెద్దనాయన ఉండే ఉంటాడు. గోడ మీది పటం కిందికి దించి, గాజు తీసేసి, ఆయన ముందు పరచండి. అంచులు కోసిన పటమైతే ముందు మంచిది సంపాదించండి. ఆయన చెప్పింది ఈ పత్రికకు పంపితే, వీధికొక కైఫీయతుగా అచ్చువేయమని సంపాదకులను నేను బతిమాలుతాను.